వెలకు దొరకు రహస్యము

లోకమున అమ్ముడుపోవు వస్తువులలో వెల కట్టుటకు మిక్కిలి కష్టమైనది ఉపదేశము. బియ్యము కొనువాడు నాలుగు గింజలు నోట వేసికొని చూచును. బట్ట కొనువాడు అంచును వ్రేళ్ల నడుమ నలిపి చూచును. ఉపదేశమును మాత్రము కొన్న పిమ్మటగాని చూడరాదు. చూచిన పిమ్మట తిరిగి యీయరాదు. ఈ సంగతి పుస్తకముల వలన నాకెప్పుడో తెలిసినదే యైనను, మొన్నటి వేసవిలో మా మరదలు అడిగిన యొక ప్రశ్న వలన గాని దాని బరువు నాకు తెలియలేదు.

ఆమె రాజమహేంద్రవరములో మా యింటికి రెండిండ్ల యవతల నుండును. భర్త పోయి మూడేండ్లయినది, పిల్లలిద్దరును చదువుకొనుచున్నారు. ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి పెట్టి, హైదరాబాదులోను బెంగుళూరులోను ఉన్న తెలిసినవారికి పంపుచు, ఎవరి యెదుటను చేయి చాపక సంసారము నడుపుకొనుచున్నది. తెలిసినవారి సంఖ్య కొక హద్దు కలదు గనుక, తెలియనివారికి కూడ అమ్మవలెనని ఆమెకు బుద్ధి పుట్టినది. ఒక సాయంకాలమున తన ఫోను తెచ్చి నా యెదుట పెట్టి, "బావగారూ, ఇది కొనవచ్చునా, కూడదా? మీరు చదువుకొన్నవారు, చెప్పండి" అని యడిగినది.

చూచితిని. అంతర్జాలములో ప్రకటనలు వేసి వ్యాపారమును పది రెట్లు పెంచుకొను మర్మమును బోధించెడి గైడు అది. వెల 49,999 రూపాయలని వ్రాసి, ఆ యంకెను అడ్డముగా కొట్టివేసి, దాని క్రింద 4,999 రూపాయలని వేసిరి. ఆ క్రింద నొక గడియారము. అది వెనుకకు నడచుచున్నది: ఇంక 14 నిమిషములే, ఆ పైని పాత వెలయే. దాని క్రింద, మేము లక్షలు గడించితిమని చిరునవ్వుతో చెప్పు మనుష్యుల బొమ్మలు.

అక్కడనే కూర్చుండియున్న మా పెదమామగారు, "పచ్చళ్లమ్ముకొనుట చాలక ప్రకటనలు కూడనా? ఆడదానికి అంత వ్యవహారమేల?" అని విసుగుకొనిరి. కొనవద్దనిన ఆయన మాట తప్పు కాకపోవచ్చును. ఆ మాటకు ఆయన చూపిన కారణము మాత్రము పూర్తిగా తప్పు. సంపాదించుకొనదలచిన స్త్రీకి వ్యవహారము తెలియవలసినదే. తెలియవలసినదానిని ఎక్కడ, ఎవరి వద్ద, ఎంతకు తెలిసికొనవలెననునదే ప్రశ్న.

నేను వెంటనే ప్రత్యుత్తరము చెప్పలేకపోతిని. దానికొక కారణము కలదు, ముందు చెప్పెదను. "రేపు ఉదయము చూతము" అంటిని. "అప్పటికి గడువు దాటిపోవును గదా?" అని ఆమె యనినది. దాటిపోనిమ్మంటిని. మరునాడు ఉదయము ఆమె ఫోనులోనే మరల తెరచి చూచితిమి. గడియారము మరల 15 నిమిషములతో క్రొత్తగా నడక మొదలుపెట్టినది. మా మరదలు చాలసేపు నవ్వినది. ఈ విధమైన కపటపు తొందరను మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో వెలువరించిన నిబంధనలలో నిషేధించినది. అక్కడ పేర్కొనిన 13 మాయోపాయములలో ఇది యొకటి. శాసనము కలదు, గడియారమును కలదు. రెండును ఒకే దేశములో సుఖముగా కాపురము చేయుచున్నవి.

అయితే గడియారము అబద్ధమైనంత మాత్రమున గైడు అబద్ధమని తేల్చుట తర్కము కాదు. మంచి సరకును చెడ్డగా అమ్మువారు గలరు. ఆ పైని, వెలకు విద్య నమ్ముటయే పాపమందునా, నెల మొదటి తేదీన జీతము పుచ్చుకొను నాకు ఆ మాట యనుటకు నోరెట్లు వచ్చును? మాళవికాగ్నిమిత్రములో నాట్యాచార్యులిద్దరు కలహించుకొను ఘట్టమొకటి కలదు. కేవలము పొట్టకూటికే చదువు గలవాడు విద్యను సరకుగా నమ్ము వర్తకుడని కాళిదాసు అక్కడ చెప్పించెను. ఇరువదియేండ్ల క్రిందట ఆ శ్లోకమును తరగతిలో చెప్పునపుడు నాకు అది ఇతరులను గూర్చి చెప్పినట్లుండెడిది. ఇప్పుడట్లు తోచదు.

ఈ విషయమును నాకు తెలిసినంతలో మిక్కిలి నిశితముగా విచారించినవాడు గ్రీసు దేశపు ప్లేటో. ప్రొటాగొరసు అను సంభాషణలో ఒక పడుచువాడు పేరుపొందిన గురువునకు ధనమిచ్చి విద్య కొనుటకు తెల్లవారకమునుపే పరుగెత్తబోవుచుండగా, సోక్రటీసు వానినాపి కొంత హితవు చెప్పును. తినుబండారములను వేరొక పాత్రలో పోసికొని ఇంటికి గొనిపోయి, తెలిసినవాని నడిగి, ఆ మీదట తినవచ్చును. విద్యకు వేరు పాత్ర లేదు, కొన్నవాడు దానిని తన మనస్సులోనే పోసికొని పోవలయును, మేలైనను కీడైనను అప్పటికే జరిగిపోవునని దాని సారము. ఆ సంభాషణలోనే ఆ గురువు తన రుసుమును గూర్చి చెప్పు మాట యొకటి కలదు. శిష్యుడు అడిగినంత ఇచ్చిన సరే. లేదా గుడికి పోయి, తాను నేర్చినది ఇంత విలువ చేయునని ప్రమాణము చేసి, అంతే చెల్లింపవచ్చునట. సోఫిస్టులను లోకము ధనాశాపరులని నిందించినది గాని, వెనుకకు నడచు గడియారము పెట్టిన నేటి గురువులలో ఈ యొడంబడికకు ఒప్పుకొనువారెందరు?

1962లో కెన్నెత్ ఆరో అను అమెరికా ఆర్థిక శాస్త్రజ్ఞుడు ఈ చిక్కునే వేరొక విధముగా చూపెను: సమాచారము విలువ ఎంతయో కొనువానికి దానిని తెలిసికొన్నగాని తెలియదు, తెలిసికొనెనా, వెల లేకయే అది వానిదైనది. కావున అమ్మువాడు సరకును దాచియే అమ్మవలయును. దాచుట ఇచ్చట వంచన కాదు, ఆ వర్తకపు స్వభావమే అట్టిది. వంచకునికి ఇంతకంటె అనువైన అంగడి వేరొకటి యుండదు. సరకును పరీక్షించుటకు వీలులేనప్పుడు మనము పరీక్షింపగలది మనిషిని.

ఇక్కడ మన న్యాయశాస్త్రము పనికి వచ్చును. శబ్దము ప్రమాణమగుటకు చెప్పువాడు ఆప్తుడై యుండవలెను. ఆప్తుడనగా చుట్టమో స్నేహితుడో కాదు. విషయమును ప్రత్యక్షముగా నెరిగినవాడును, ఎరిగినదానిని ఎరిగినట్లే చెప్పవలెనను కోరిక గలవాడును ఆప్తుడని వాత్స్యాయన భాష్యము. చెప్పువాడు ఋషి గాని మ్లేచ్ఛుడు గాని, ఈ లక్షణము సమానమే. కాబట్టి అడుగవలసినవి రెండు. ఈ గైడు వ్రాసినవానికి పచ్చళ్లమ్మిన అనుభవము కలదా, గైడు లమ్మిన అనుభవము మాత్రమే కలదా? తాను పోగొట్టుకొన్న సొమ్మును గూర్చి యెక్కడనైన నొక మాట చెప్పెనా? మేమా పుట యంతయు క్రిందివరకు చదివితిమి. ఆయన గడించిన లక్షలు ఏ సరకు నమ్మి గడించినవో అందు లేదు. గైడు లమ్మియే గడించెనేమో. అట్లయిన ఆయన అబద్ధమాడలేదు, ప్రకటన వేసి అమ్ముట ఆయనకు నిజముగానే వచ్చును!

మరల మర్మమను మాటను గూర్చి కొంత విచారింపవలెను. ఈ ప్రకటనలు పనిచేయు విధము మర్మమేమియు కాదు. గూగులు సంస్థ 2000 సంవత్సరమున ఈ వర్తకము నారంభించెను. మనము ఏదైన వెదకినప్పుడెల్ల, కనురెప్పపాటులో నొక వేలము జరుగును. ఎవరెంత యిచ్చెదరనుట యొక్కటియే లెక్క కాదు. ఆ ప్రకటనను జనులు నొక్కుదురా, వెదకిన మాటకు అది తగియున్నదా, నొక్కి లోనికి పోయినవారికి అక్కడ పనికివచ్చునది దొరకునా అనునవియు కలిపి ఎవరు ముందు నిలువవలెనో నిర్ణయింతురు. ఇంతయు ఆ సంస్థయే బహిరంగముగా వ్రాసి పెట్టినది.

మా పాఠశాల పిల్లలు కూడ పరీక్షలకు గైడులు కొందురు. వాటిని నేను మెచ్చను గాని, వాటికొక న్యాయము కలదు: పాఠ్యక్రమము నిశ్చితము, గైడు చదివిన నూరుగురును ఉత్తీర్ణులు కావచ్చును, ఒకని మార్కులు వేరొకనివి తగ్గింపవు. వేలములో అట్లు కాదు. "ఈ మాటకు ప్రకటన వేయుడు, చౌకగా దొరకును" అని వేయిమంది పచ్చళ్ల వ్యాపారులకు ఒకే రహస్యము అమ్మినచో, ఆ వేయిమందియు ఆ మాటకే పాట పాడుదురు, చౌక పోవును. మొదటి స్థానము ఒక్కటే కదా. అమ్మినకొలది అరిగిపోవు రహస్యమిది. నిజముగా లాభమిచ్చు మర్మము గలవాడు దానిని నోరు మెదపక తానే వాడుకొనును. నోరు విప్పి అమ్మజూపుటయే దాని విలువ తగ్గినదనుటకు కొంత సాక్ష్యము. కొంత యే యనుచున్నాను. బోధించుట యందే ప్రీతి గలవారును లోకములో లేకపోలేదు.

అరుగుటయే కాదు, పాతబడుటయు కలదు. 2021 ఏప్రిలులో ఆపిలు సంస్థ తన ఫోనులలో, ఒక యాప్ మనుష్యుల జాడను ఇతరచోట్ల కూడ వెన్నాడవలెనన్న వారి యనుమతి నడుగవలెనని నియమము పెట్టెను. చాలమంది కూడదనిరి. ఆ జాడల మీదనే కట్టిన ఉపాయములెన్నో నాటితో బలహీనమైనవి. 2022 జూను దాటిన పిమ్మట గూగులులో అంతవరకు వాడుకలోనున్న యొక ప్రకటన రూపమును క్రొత్తగా వ్రాయుటకే వీలు లేకపోయెను. గైడు కొనువారు మొదట చూడవలసినది వెల కాదు, అది ఎన్నడు వ్రాయబడినది, ఎన్నడు సవరింపబడినది యనునది.

"అట్లయిన ఉచితముగా దొరకునదియే చదివెదను" అని మా మరదలు అనినది. చదువదగినదే. గూగులును, ఫేస్‌బుక్కు నడుపు మెటా సంస్థయు తమ ప్రకటనలు వేయు విధమును పాఠములుగా ఏర్పరచి ఉచితముగా నేర్పుచున్నవి. ఎవరెవరు ఏ ప్రకటనలు వేయుచున్నారో అందరును చూచుటకు మెటావారి భాండాగార మొకటి 2019 నుండి తెరచియున్నది. అందు ఒక్కొక్క ప్రకటన ఎన్నడు మొదలైనదో కూడ కనబడును. ఇతర పచ్చళ్లవారు నెలల తరబడి మార్చక నడపుచున్న ప్రకటనలు చూచిన, ఏది గిట్టుచున్నదో కొంత యూహింపవచ్చును. క్లాడ్ హాప్కిన్సు అను నాతడు 1923లో శాస్త్రీయ ప్రకటనను గూర్చి వ్రాసిన చిన్న పుస్తకమును ఇప్పుడు ఊరకయే దొరకును. ప్రతి ప్రకటనకును ఎంత ఖర్చు, ఎంత రాబడి యని లెక్క కట్టి చూడక వేయరాదని దానిలోని ముఖ్యాభిప్రాయము. నూరేండ్లయినను అది పాతబడలేదు.

కాని ఉచితమైనది నిష్పక్షపాతమను భ్రమ కూడదు. ప్రకటన స్థలము నమ్మువాడు స్థలము కొనుట యెట్లో నేర్పును. కొనుట మానవలసిన సమయ మెప్పుడో నేర్పుటకు వానికి తొందర యుండదు. వెల పుచ్చుకొని "నీ సరకునకు ప్రకటన గిట్టదు, సొమ్ము దాచుకో" అని చెప్పగల మూడవవాడు నిజముగా విలువైనవాడు. కనుక కొన్న సలహా యెల్ల మోసమని, ఊరక దొరకినదెల్ల ధర్మమని అనుకొనుట సోమరి ఆలోచన.

"మరి ఈ గడించినవారి మాటలో? అందరును అబద్ధమే చెప్పిరా?" అని ఆమె మరల యడిగినది. అవసరము లేదు. పదివేలమంది కొన్నచోట ఆరుగురు గడించుట వింత కాదు. గైడు కొనకయే గడించువారును ఉందురు. గైడు ఉన్నప్పుడు లాభము కలిగెనని చూపినంతట చాలదు. అది లేనప్పుడు కలుగలేదనియు, అది యుండియు నష్టపోయినవారెందరనియు చూపవలెను. అన్వయము బొమ్మలు కట్టి పుటపై నిలుచును. వ్యతిరేకము ఎక్కడ? నష్టపోయినవారు ఏరీ?

ఈ మాట నా నోటినుండి వచ్చినపుడు, ముందు చెప్పెదనన్న కారణమును చెప్పక తప్పలేదు. నష్టపోయినవాడు ఆమె యెదుట కుర్చీలోనే కూర్చుండియుండెను. ఎనిమిదేండ్ల క్రిందట, ఇంటి వద్ద ఆంగ్ల వ్యాకరణము చెప్పుటకు పిల్లలు కావలసి, నేనిట్టి గైడునే 2,999 రూపాయలిచ్చి కొంటిని. 64 పుటలు, సగము స్తోత్రము, సగము అందరికిని తెలిసినది. అందు చెప్పినట్లు 6,000 రూపాయల ప్రకటనలు వేసితిని. ఇద్దరు పిల్లలు వచ్చిరి. ఒకడు మా వీధివాడే. వాని తల్లి నన్ను ప్రతిదినము కూరల బండి వద్ద చూచుచునే యుండెను. సొమ్ము తిరిగి యిత్తుమన్న హామీ యుండెను గాని, పాఠములన్నియు అభ్యసించినట్లును, మరికొంత సొమ్ము ప్రకటనలపై వ్యయపరచినట్లును ఋజువులు చూపవలెనట. మౌనముగా నుంటిని. భార్యకు చెప్పలేదు, తోడి ఉపాధ్యాయులకు చెప్పలేదు. సంస్కృతము, ఇంగ్లీషు చదివినవాడు, పదిమందికి బుద్ధి చెప్పువాడు, ఇంత తేలికగా దొరకిపోయెనని నవ్వుదురేమో యను భయము.

ఆ మరునాటి వరకు మా మరదలికి సమాధానము చెప్పలేకపోయినది ఆ సిగ్గుచేతనే. దానిని గూర్చి ఆ రాత్రి చాలసేపు ఆలోచించితిని. నేను పోగొట్టుకొన్న సొమ్ము నాదే. దానికి నేనెవరికిని జవాబుదారిని కాను. కాని నా మౌనము మాత్రము నాది కాదు. అది ఆ గైడు నమ్మినవానికి నేను వెల లేకుండ చేసిన ఉపకారము. నావంటి సిగ్గరులు వేలమంది నోరు మూసికొనుట చేతనే ఆ పుటపై నవ్వుమొగములు మాత్రమే నిలుచుచున్నవి. వంచకుడు చేసిన అన్యాయములో వంచింపబడినవాడు తెలియకయే భాగస్వామి యగుట యిట్లు. ఆమె విధవ, ఇద్దరు పిల్లల తల్లి, ఒక్కొక్క సీసా నమ్మి సంసారము నడుపునది. నా గౌరవమును కాపాడుకొనుటకై ఆమె 4,999 రూపాయలు పణముగా పెట్టవలసినదా?

చెప్పితిని. ఆమె నవ్వలేదు. లోనికి పోయి తన లెక్కల పుస్తకము తెచ్చినది.

ఆ పుస్తకము ముందు మా పాండిత్యమంతయు చిన్నబోయినది. అరకిలో సీసా 350 రూపాయలు. సరకులు, సీసా, కట్టుబడి, పంపుట పోగా మిగులునది 90. అనగా గైడు వెల రాబట్టుటకే 56 సీసాలమ్మవలెను, ప్రకటనల ఖర్చు వేరు. ఈ చిన్న లెక్క ఆ పుటలో ఎక్కడను లేదు. అదియు గాక, ఇంట చేసి యమ్ము తినుబండారములకు ఆహార భద్రతా సంస్థ వద్ద నమోదు కావలెననుట ఆ గైడు విషయసూచికలో లేదు. మా మరదలు మొదటి యేటనే చేయించుకొన్నది.

ఆ సొమ్ములో కొంత స్వయముగా పరీక్షించుటకు వినియోగించుట మేలని ఇద్దరము అనుకొంటిమి. ఉచిత పాఠములు వారము దినములు చదివి, దినమునకు 300 రూపాయల చొప్పున పది దినములు ప్రకటన వేసినది. 3,000 రూపాయలకు 375 మంది వచ్చి చూచిరి. నాలుగు సీసాలు అమ్ముడుపోయినవి. సీసాకు 750 రూపాయల ప్రకటన, 90 రూపాయల లాభము! మా పెదమామగారు ఈ సంగతి విని రెండు దినములు మిక్కిలి సంతోషముగా నుండిరి.

మా వీధి చివర నొక యమ్మాయి చీరల దుకాణమువారికి ప్రకటనలు వేసిపెట్టును. మా మరదలు ఆమె నడుగగా, "గంటసేపు కూర్చుండి చూచెదను, 1,000 రూపాయలు, పనికిరాలేదని మీకు తోచిన ఈయవద్దు" అనినదట. ప్రొటాగొరసును ఆ యమ్మాయి ఎన్నడును విని యుండదు. వచ్చి చూచినది. ప్రకటన దేశమంతటను తిరుగుచున్నది. ఆవకాయ యన నేమో తెలియనివారు కూడ వింతకు నొక్కిపోవుచున్నారు. పంపుటకగు ఖర్చు చివరివరకు కనబడక, కనబడినంతనే కొనువారు వెనుదిరుగుచున్నారు. రెండు నగరములకే కుదింపుమనియు, ఖర్చును మొదటనే చూపుమనియు, ఒక్క సీసా కాక మూడు రకములు కలిపి యొక పెట్టెగా నమ్ముమనియు చెప్పినది. మా మరదలు వేయి రూపాయలును ఇచ్చినది. లాభము పెద్దది కాదు గాని, నష్టము ఆగినది. మొదటి నలుగురిలో ముగ్గురు రెండు నెలలలోపలనే మరల తెప్పించుకొనిరి. రెండవసారి వచ్చువానికి ప్రకటన ఖర్చు లేదు గదా.

ఇటీవల వేరొక చిక్కు వచ్చినది. అరిసెలు, సున్నుండలు చేసి యమ్ము ఇద్దరు స్త్రీలు మా మరదలిని నేర్పుమని యడిగిరి. ఆమె కుమారుడు, "అమ్మా, నీవే యొక గైడు వ్రాసి 499 రూపాయలకు అమ్మరాదా?" అనినాడు. వానిది పరిహాసము కాదు. ఆమె నా యొద్దకు వచ్చి, వ్రాయుట తప్పగునా యని యడిగినది. తప్పని నేననలేదు, ఏమి వ్రాసెదవంటిని.

పుస్తకము తెరచి చూపినది. ఇంతవరకు ఒక్క పుటయే వ్రాసినది. దాని మీద తేదీ వేసి, క్రింద ఇట్లున్నది: పది దినములు, 3,000 రూపాయలు, నాలుగు సీసాలు.